గుత్తకు ప్రోగ్రామర్: పని ఆయనది, తాళంచెవి మనది

మా సింహాద్రిపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోట ఉన్న ప్రతి ఇంటికీ ఒక బోరు కథ ఉంటుంది. బోరు బండి వచ్చిన రాత్రి రైతు నిద్రపోడు. బండి పక్కనే మంచం వాల్చుకుని, భూమిలోకి ఎన్ని రాడ్లు దిగాయో లెక్క పెడుతూ కూర్చుంటాడు. కేసింగు పైపు ఎన్ని అడుగులు పడింది, ఎన్నో అడుగు దగ్గర తడి మన్ను వచ్చింది, ఎక్కడ రాయి మారింది, అన్నీ తెల్లారేసరికి ఆయనకు కంఠతా వచ్చి ఉంటాయి. ఆ బండి ఎక్కడో తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చి ఉండవచ్చు. అందులోని యంత్రం ఎలా తిరుగుతుందో రైతుకు తెలియదు. అయినా అడుగుకు ఎంత, కేసింగుకు ఎంత, రాడ్లు లోపల ఇరుక్కుంటే ఖర్చు ఎవరిది అన్న మాటలు బండి పొలంలోకి రాకముందే తేల్చుకుంటాడు.

ఇంత జాగ్రత్త తెలిసిన మన జనమే, అంగడికో మండీకో కంప్యూటర్ ప్రోగ్రాం రాయించవలసి వచ్చేసరికి "నాకేం తెలుసప్పా ఆ కంప్యూటర్ సంగతి, నువ్వే చూసుకో" అని డబ్బు చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటారు. ఈ రోజు నా ప్రసంగం ఆ అలవాటు గురించే. వ్యాపారానికి ప్రోగ్రామర్‌ను గుత్తకు పెట్టుకునేటప్పుడు ఏం చూడాలి, ఏం రాసుకోవాలి, ఏది మన చేతిలోనే ఉంచుకోవాలి అన్నది చెబుతాను.

నేను సింహాద్రిపురంలో పుట్టినవాణ్ణి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో కోర్సు నేర్చుకుని, పదేళ్లకు పైగా కంపెనీలకు గుత్తకు ప్రోగ్రాములు రాసినవాణ్ణి. ఇప్పుడు ఊళ్లోనే ఉంటూ పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వ్యాపారులకు ఈ విషయాల్లో సాయపడుతున్నాను. పని ఇచ్చేవాళ్ల బాధ చూశాను, పని చేసేవాళ్ల బాధ అనుభవించాను.

మన సీమలో పనికి మనిషిని పెట్టుకోవడానికి మూడు పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఏడాదికి ఇంత అని జీతానికి పెట్టుకోవడం ఒకటి. రోజుకు ఇంత అని కూలికి పిలవడం రెండోది. ఈ పని మొత్తం చేసి పెట్టు, ఇంత ఇస్తాను అని గుత్తకు ఒప్పించడం మూడోది. కంప్యూటర్ పనిలోనూ ఇవే మూడు. నెలజీతపు ఉద్యోగి ఒకరు, గంటల లెక్కన పనిచేసేవారు ఒకరు, మొత్తం పనికి ఒక ధర మాట్లాడుకునేవారు మరొకరు. చివరి ఇద్దరినీ కలిపి కాంట్రాక్టు ప్రోగ్రామర్లు అంటున్నాం.

ఈ గుత్త పని తెలుగువాళ్లకు కొత్త కాదు. ఎన్నో ఇళ్ల బతుకు మార్చింది ఇదే. మన పొలాల్లో ఆకుపచ్చ రంగు జాన్ డీర్ ట్రాక్టరు మీరంతా చూసే ఉంటారు. ఆ ట్రాక్టర్లు చేసే అమెరికా కంపెనీ 1991లో తన సాఫ్ట్‌వేర్ పనిని హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్‌కు ఇచ్చింది. 1987లో మొదలైన సత్యంకు అమెరికా మహా కంపెనీల్లో మొదటి ఖాతాదారు అదే. ఆ తర్వాత 2000 సంవత్సరం దగ్గరపడింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. 99 తర్వాత 00 వస్తే కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుందన్న భయం ప్రపంచానికంతా పట్టుకుంది. ఆ పాత ప్రోగ్రాములను వరుస వరుసగా వెతికి సరిచేయడానికి మనుషులు కావాలి, అదీ కొద్దికాలానికే కావాలి. కొద్దికాలానికి కావలసిన మనిషి అంటే గుత్త మనిషే. మన పిల్లలు కోబాల్ నేర్చుకుని విమానాలు ఎక్కారు. ఏడాదికి 65,000గా ఉన్న హెచ్1బి వీసాల పరిమితిని అమెరికా ప్రభుత్వం 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకు 1,15,000కు, 2001 నుంచి 2003 వరకు 1,95,000కు పెంచింది. 2004లో మళ్లీ 65,000కు దించేసింది. పని ఉన్నంతకాలం పిలుపు, పని తీరాక తలుపు. గుత్త పని స్వభావమే అంత.

ఈ వ్యవహారం లోపల ఎలా నడిచిందో తెలుసుకోవడానికి షియాంగ్ బియావో అనే చైనా పండితుడు హైదరాబాద్‌లోనూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తెలుగు ప్రోగ్రామర్ల మధ్య తిరిగి, 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం వెలువరించాడు. బాడీ షాపింగ్ అంటే ప్రోగ్రామర్‌ను తన లెక్కలో పెట్టుకుని వేరే కంపెనీకి అద్దెకు పంపే దళారీ వ్యాపారం. పని చేయించుకునే కంపెనీ గంటకు ఇంత అని కడుతుంది. దళారీ తన వాటా పట్టుకుని మిగిలింది ప్రోగ్రామర్‌కు ఇస్తాడు. పని దొరకని రోజుల్లో మనిషి 'బెంచి' మీద కూర్చుంటాడు. బెంచి మీద ఉన్నన్నాళ్లు జీతం అందక అప్పు చేసి అన్నం తిన్నవాళ్లను నేను కళ్లారా చూశాను. మన తోటలో కోసిన చీనీ కాయ ఢిల్లీలో రసం తాగేవాడి దాకా ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలుసు. చేతులు పెరిగేకొద్దీ తోటలో ఉన్నవాడికీ, తాగేవాడికీ ఇద్దరికీ నష్టమే. ప్రోగ్రామర్ విషయంలోనూ అంతే. మధ్యవారు తగ్గితే మీకు ఖర్చు తగ్గుతుంది, రాసేవాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి.

ఇప్పుడు మన అంగళ్లకే ప్రోగ్రామర్ అవసరం వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి కంప్యూటర్ లేని అంగడి తగ్గిపోయింది. చీనీ మండీ, అరటి గెలల వ్యాపారం, శనగలు దాచే గోడౌను, ప్రొద్దుటూరు బట్టల అంగళ్లు, బంగారు అంగళ్లు, అందరికీ ఏదో ఒక లెక్క యంత్రంలో పడాలి.

నన్ను అడగవచ్చిన వారిని నేను మొదట వేసే ప్రశ్న ఒకటే. మీకు నిజంగా కొత్త ప్రోగ్రాం కావాలా? జమాఖర్చులు, బిల్లులు, జీఎస్టీ రిటర్నులు మాత్రమే అయితే సిద్ధంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలు. టాలీ అనే పేరు ప్రతి గుమాస్తాకూ తెలుసు. అది పుట్టిన తీరు కూడా తెలుసుకోవాలి. కర్మాగారాలకు సరుకులు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి, తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ బజారులో దొరకక, కొడుకు భరత్ చేత రాయించుకున్నాడు. 1986లో అలా మొదలైనదే ఇప్పుడు దేశమంతా వాడుతున్న టాలీ. వ్యాపారం తెలిసిన తండ్రి, ప్రోగ్రాం తెలిసిన కొడుకు ఒకే ఇంట్లో ఉన్నారు. తనకేం కావాలో తండ్రికి తెలుసు, దాన్ని అడిగి తెలుసుకునే వీలు కొడుకుకు ఉంది. మీరు గుత్తకు ఇచ్చినా ఆ ఇద్దరి మధ్య ఉన్న దగ్గరితనం రావాలి. సిద్ధంగా దొరికే అంగీ సరిపోయినచోట అదే తొడుక్కోండి. మీ కొలతకు కుట్టించక తప్పనిది ఏదో అదొక్కటే కుట్టించండి.

ఒక చీనీ మండీలో జరిగిన సంగతి చెబుతాను. పేర్లు వద్దు. యజమాని ఒక నగరపు కుర్రవాడికి ఫోనులోనే పని చెప్పాడు. "తూకం, రేటు వేస్తే, హమాలీ, కమీషను, అడ్వాన్సు పోనూ రైతుకు ఎంత ఇయ్యాల్నో రావాల" అన్నాడు. కుర్రవాడు నెల తిరక్కుండానే రాసి పంపాడు. చూడముచ్చటగా ఉంది. మొదటి రోజే తగాదా వచ్చింది. ఎందుకంటే మన మండీల్లో కాయల తూకంలో సూటు పేరుతో కొంత కోత తీస్తారు. లెక్క కోసం టన్నుకు వంద కిలోలు అనుకుందాం. ఒక రైతు 4,250 కిలోలు తెచ్చాడు. మండీ లెక్కలో సూటు 425 కిలోలు, డబ్బు కట్టేది 3,825 కిలోలకు. యజమాని గుర్తొచ్చి చివర్లో "టన్నుకు వంద సూటు" అని మెసేజి పెట్టాడట. కుర్రవాడు దాన్ని నిండు టన్నులకే అనుకున్నాడు. అందుకని ప్రోగ్రాం 400 కిలోలే తీసి 3,850 కిలోలకు డబ్బు చూపించింది. కిలో 30 రూపాయలు అనుకుంటే 25 కిలోలకు 750 రూపాయల తేడా.

రైతు చీటీ పట్టుకుని, "మీ కంప్యూటరే చెప్తాండాది గదన్నా, ఇంత ఇయ్యాల" అన్నాడు. గుమాస్తా పాత పుస్తకం తెరిచి, "కాదప్పా, మా పెద్దాయన కాలం నుంచీ ఇదే లెక్క" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. తప్పు కుర్రవాడిది అనడానికీ లేదు. అతను పుట్టాక చీనీ మండీ గడప తొక్కి ఎరగడు. తర్వాత అతన్నే ఊరికి పిలిపించి, రెండు రోజులు కాటా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆ రెండు రోజుల్లో ఫోనులో ఎవరూ చెప్పని విషయాలు పదకొండు రాసుకున్నాడు. ఒకే బండిలో అన్నదమ్ములిద్దరి కాయలు వస్తాయి. పెద్దవాడు తీసుకున్న అడ్వాన్సు చిన్నవాడి లెక్కలో పట్టమంటారు. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు. రెండో రకం కాయకు తూకం వేరు. ఇవన్నీ యజమానికి తెలియనివి కావు. రోజూ చేసే పని కనుక చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

సూటు న్యాయమా కాదా అంటే, రైతుబిడ్డగా అది అన్యాయమే అంటాను. ఆ చర్చ ఇంకో రోజు చేద్దాం. కానీ ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ప్రోగ్రాం లోపల దాగిపోయిన కోత బహిరంగంగా తీసిన కోత కంటే చెడ్డది. చీటీ మీద తూకం ఎంత, సూటు ఎంత, హమాలీ ఎంత అన్నది వేరు వేరు వరుసల్లో అచ్చు కావాలని ఆ మండీలో పట్టుబట్టి చేయించాం. యంత్రం పెట్టాక రైతుకు లెక్క మరింత తేటగా కనిపించాలి.

ఇందులోంచి నేర్చుకున్న పద్ధతి ఇది. పని చెప్పేముందు రెండు పేజీల కాగితం తెలుగులోనే రాయండి. సరుకు గేటులోకి వచ్చినప్పటి నుంచి డబ్బు చేతిలో పడేదాకా ఏమేం జరుగుతుందో వరుసగా రాయండి. దానికి మీ పాత చీటీలు పది జతచేయండి. మామూలు చీటీలు ఐదు, తగాదా పడినవి ఐదు. "ఈ పది చీటీల అంకెలు యంత్రంలో వేస్తే కింద ఈ పది మొత్తాలే రావాలి" అని రాయండి. పని పూర్తయిందా లేదా అన్న వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. మొత్తాలు వస్తే పని అయినట్టు, రాకుంటే కానట్టు. కంప్యూటర్ తెలియని యజమాని కూడా తనే చూసి తేల్చుకోగలడు.

ఇక మనిషిని ఎంచుకోవడం. సర్టిఫికెట్లు చూడండి, తప్పు లేదు. అంతకంటే ముందు, ఇదివరకు ఎవరికి రాసిచ్చాడో అడిగి ఆ అంగడికి మీరే వెళ్లండి. "ఏడాది తర్వాత కూడా ఫోను ఎత్తుతున్నాడా?" అని అడగండి. మీతో మాట్లాడేటప్పుడు ఆయన ఎన్ని ప్రశ్నలు వేస్తున్నాడో గమనించండి. అన్నిటికీ "అయిపోతుందండీ" అనేవాడి కంటే, "అడ్వాన్సు ఇచ్చిన రైతు కాయలు వేరే మండీకి తోలితే ఏం చేస్తారు?" అని అడిగేవాడు మేలు. పెద్ద పని ఇచ్చేముందు వారం రోజుల చిన్న పని డబ్బు ఇచ్చి చేయించండి. ఊరికే చేయించవద్దు. పరీక్ష పేరుతో చేయించుకున్నా చెమట చెమటే.

పెద్ద కంపెనీ పేరు ఉంటే చాలు అనుకోవద్దు. జాన్ డీర్ పని చేసిన ఆ సత్యం కంపెనీ అధినేత రామలింగరాజే, తమ లెక్కల పుస్తకాలు తప్పని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న లేఖ రాశాడు. ఆ రోజు కూడా అక్కడి ప్రోగ్రామర్లు బల్లల ముందు కూర్చుని ఖాతాదారుల పనులు చేస్తూనే ఉన్నారు. పని చేసే మనుషుల్నీ, కాగితాల్నీ రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి.

ధర గుత్తగా మాట్లాడాలా, రోజుల లెక్కన ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు బోరు దగ్గరే ఉంది. ఇల్లు కట్టడం గుత్తకు ఇవ్వవచ్చు, ఎందుకంటే ప్లాను ముందే ఉంది. బోరు మాత్రం అడుగుల లెక్కనే, ఎందుకంటే నీళ్లు ఎక్కడ పడతాయో ఎవరికీ తెలియదు. మీకు కావలసింది కాగితం మీద తేటగా ఉంటే గుత్తకు ఇవ్వండి. ఇంకా తేలని పని అయితే వారాల లెక్కన కూలి ఇచ్చి, ప్రతి వారం చివర ఏం చేశాడో చూసి, ముందుకు పోవాలా ఆపాలా అని తేల్చుకోండి. తేలని పనిని గుత్తకు ఇస్తే ఇద్దరిలో ఒకరు మునగక తప్పదు. ఆలస్యం అవుతోందని చివర్లో ఇంకో ఇద్దరిని తెచ్చి చేర్చవద్దు. కోతకు కూలీలు పెరిగితే పని తొందరగా తెగుతుంది. ప్రోగ్రాం అలా తెగదు. కొత్తవాళ్లకు నేర్పడానికే పాతవాడి రోజులు పోతాయి. ఐబీఎంలో పెద్ద పనులు నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ సంగతిని 1975లోనే పుస్తకంగా రాసి హెచ్చరించాడు.

డబ్బు ఇచ్చే పద్ధతి మేస్త్రీ దగ్గర నేర్చుకోండి. పునాదికి ఇంత, లింటల్ మట్టానికి ఇంత, స్లాబుకు ఇంత, పూత అయ్యాక మిగిలింది. ప్రోగ్రాంకూ అట్లే మెట్లు పెట్టుకోవాలి. మొదట కొంత అడ్వాన్సు. తెర మీద రూపం చూపించాక కొంత. పది చీటీల పరీక్ష నెగ్గాక కొంత. ఒక సీజను పాటు పుస్తకంలోనూ యంత్రంలోనూ రెండు చోట్లా రాసి, రెండూ సరిపోయాక చివరి భాగం. ఆ తర్వాత ఎన్ని నెలలు తప్పులు ఉచితంగా సరిచేయాలి, కొత్త మార్పు అడిగితే ఎంత ఇవ్వాలి అన్నదీ ముందే రాసుకోండి. తప్పు వేరు, మార్పు వేరు. స్లాబు కారితే మేస్త్రీ పూచీ. స్లాబు వేశాక ఇంకో గది కావాలంటే మన ఖర్చు.

ఇప్పుడు చట్టం చెప్పే ఒక ముఖ్యమైన మాట. దీన్ని వ్యాపారులు దాదాపు ఎవరూ పట్టించుకోరు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984లో సవరించి కంప్యూటర్ ప్రోగ్రాంను కూడా సాహిత్య రచనల్లో చేర్చారు. అంటే కవి రాసిన పద్యానికీ ప్రోగ్రామర్ రాసిన కోడుకూ ఒకే చట్టం. ఆ చట్టం 17వ సెక్షను ప్రకారం, జీతానికి ఉన్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి హక్కుదారు యజమాని. కానీ గుత్తకు రాసిన మనిషి విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు రాసినవాడిదే. డబ్బంతా మీరు కట్టినా సరే. హక్కు మీకు రావాలంటే 19వ సెక్షను ప్రకారం ఆయన సంతకంతో రాతపూర్వకంగా బదిలీ జరగాలి. ఎంతకాలానికి అన్నది రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కపెడుతుంది. కనుక పూర్తి కాలానికా, కొంత కాలానికా, ఎక్కడిదాకా అన్నది అక్షరాలా రాయించండి.

"ఇక మీదట వేరే మండీకి ప్రోగ్రాం రాయకూడదు" అని కొందరు ఒప్పందంలో రాయిస్తున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు ఆ మాట నిలబడదు. మనిషి బతుకుతెరువును కట్టేయకూడదని ఆ చట్టం ఉద్దేశం. మీ లెక్కలు, మీ రైతుల పేర్లు బయట చెప్పకూడదని రాయించుకోండి, అది న్యాయం. అంతకుమించి అడగవద్దు. పన్ను కోత (టీడీఎస్), జీఎస్టీ బిల్లు సంగతి మీ ఆడిటరును ముందే అడగండి.

ఇప్పుడు తాళంచెవి దగ్గరికి వస్తాను. ప్రొద్దుటూరులో మా మామకు బట్టల అంగడి ఉంది. ఒక ఏడాది దసరాకు వారం ముందు ఫోను చేసి, "అల్లుడూ, బిల్లు పెట్టె తెరుచుకోలేదు, అంగడి నిండా జనం ఉండారు" అన్నాడు. ప్రొద్దుటూరు దసరా అంటే ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. ఆ పది రోజుల అమ్మకం ఏడాదంతా మోస్తుంది. వెళ్లి చూస్తే ప్రోగ్రాం పాడవలేదు. రాసిన కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. సర్వరు అద్దె ఏడాదికోసారి అతని కార్డు మీద, అతని ఈమెయిలు పేరున కట్టేవారు. కార్డు మారింది, అద్దె కట్టలేదు, సర్వరు ఆగిపోయింది. మోసం ఏమీ లేదు. పాపం, ఆ అబ్బాయి సంగతి తెలిశాక ఆఫీసు నుంచే అర్ధరాత్రి దాకా కూర్చుని బాగుచేశాడు. కానీ మూడు రోజులు మా మామ కాగితం మీద పెన్సిలుతో బిల్లులు రాశాడు. అంగడి షట్టరు తాళంచెవి మొలకు కట్టుకుని పడుకునే మనిషి, అంగడి లెక్కల తాళంచెవి మాత్రం ఎవరి దగ్గర ఉందో కూడా అడగలేదు.

కనుక వెబ్‌సైటు పేరు, సర్వరు ఖాతా, ప్రధాన పాస్‌వర్డు మీ పేరున, మీ ఫోను నంబరు మీద ఉండాలి. ప్రోగ్రామర్‌కు వేరే పాస్‌వర్డు ఇవ్వండి, పని అయ్యాక తీసేయండి. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రాం అసలు రాత. ప్రతి మెట్టు దగ్గర, డబ్బు ఇచ్చే ముందే, దాని ప్రతి మీ ఖాతాలోకి చేరాలి. అది ఎలా నడపాలో నాలుగు పేజీలు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఇవ్వమనండి. ఆ నాలుగు పేజీలు పట్టుకుని వేరే ప్రోగ్రామర్ ఎవరైనా వచ్చి నడపగలిగితే మీరు క్షేమం.

రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు పెన్ డ్రైవులో వేసి ప్రోగ్రామర్ చేతికి ఇవ్వవద్దు. ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి నంబర్లతో అతన్ని పని చేయమనండి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, మనల్ని నమ్మి రైతు ఇచ్చిన నంబరు అది.

ఇంతసేపూ యజమాని వైపు నుంచి చెప్పాను. ఇప్పుడు రాసేవాడి వైపు నుంచి. నా తొలి రోజుల్లో ఒక యజమానికి మూడు నెలలు రాత్రింబవళ్లు కూర్చుని పని చేసి ఇచ్చాను. పని వాడుకున్నారు. చివరి మెట్టు డబ్బు "రేపు, ఎల్లుండి" అంటూ ఏడాది తిప్పారు. హాస్టలు బాకీ కట్టలేక నా పెట్టె అక్కడే వదిలి, ఊరికి బస్సెక్కిన రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ డబ్బు నాకు ఇప్పటికీ రాలేదు. గుత్త మనిషికి సెలవు జీతం లేదు, పీఎఫ్ లేదు, జ్వరం వస్తే ఆ రోజు కూలి లేదు. ఆయనకు ఉన్నదల్లా మీరు ఇచ్చిన మాట. మెట్టు పూర్తయితే వారంలోపల డబ్బు ఇవ్వండి. సకాలంలో ఇచ్చే అంగడికి మంచి ప్రోగ్రామర్ మళ్లీ వస్తాడు, దసరా రాత్రి ఫోను చేసినా ఎత్తుతాడు.

చివరగా మన పిల్లల గురించి. ప్రోగ్రామర్ అంటే హైదరాబాద్‌కో బెంగళూరుకో ఫోను చేయాలన్న రోజులు కావివి. 2006 నుంచి పులివెందులలోనే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. 2008 నుంచి ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లలు ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీర్లై బయటికి వస్తున్నారు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. వీళ్లలో చాలామంది చీనీ తోటల్లో, శనగ చేలల్లో పెరిగిన బిడ్డలు. సూటు అంటే ఏమిటో వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వాళ్ల నాన్న ఆ సూటు పోగొట్టుకుని ఇంటికి వచ్చిన సాయంత్రాలు వాళ్లకు తెలుసు. వాళ్లకు కావలసింది మొదటి పని, సరైన ఒప్పందం, చెప్పిన రోజుకు డబ్బు.

వ్యాపారులకు నా మనవి. మీ దగ్గర చిన్న లెక్కల పని ఏదైనా ఉంటే ఈ సీజనులో ఒక స్థానిక విద్యార్థికో, కొత్త ఇంజినీరుకో గుత్తకు ఇచ్చి చూడండి. రెండు పేజీల కాగితం రాయండి, పది చీటీలు జతచేయండి, కాటా పక్కన కుర్చీ వేయండి. హక్కులు సంతకంతో రాయించుకోండి, పాస్‌వర్డు మీ దగ్గర పెట్టుకోండి, మెట్టు మెట్టుకూ డబ్బు ఇవ్వండి. రాసే పిల్లలకూ ఒక మాట. అర్థం కానిది అడగండి. కాగితం లేకుండా పని మొదలుపెట్టవద్దు. ఊరు వదిలి వెళ్లేముందు తాళంచెవి ఇచ్చి వెళ్లండి.

పని ఎవరికైనా గుత్తకు ఇవ్వవచ్చు. మన పని ఏమిటో తెలుసుకునే బాధ్యత మాత్రం ఎవరికీ గుత్తకు ఇవ్వలేం. బోరు బండి పక్కన మంచం వేసుకుని రాడ్లు లెక్కపెట్టిన మన పెద్దలు మనకు నేర్పింది ఇదే.